చలికాలపు నీళ్ళకు సీసం ఎంత కట్టాలి

సౌదీలో ఖఫ్జీకి కొంచెం దక్షిణాన ఉన్న తీరంలో నేను పదకొండేళ్ళు పనిచేశాను. సముద్రంలోకి డైవింగ్‌కు దిగే ఆడవాళ్ళకు సామాను తొడిగి దించడం, పైకి వచ్చాక విప్పడం నా పని. దీనికి మన భాషలో పేరు లేదు. అక్కడి ఆడవాళ్ళు నన్ను ముసాఇదా అనేవారు, అంటే సహాయకురాలు. నా అకామా మీద, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు మీద మాత్రం వృత్తి దగ్గర ‘క్లీనర్’ అనే ఉండేది. చివరిదాకా అలాగే ఉంది.

ఇప్పుడు మన విశాఖ వైపు కూడా డైవింగ్ నేర్పే చోట్లు వచ్చాయని, సామాను చూడటానికి ఆడపిల్లలను తీసుకుంటున్నారని విన్నాను. వాళ్ళ కోసం రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, కాగితాలు ఎలా మారాయి అన్న సంగతులు వాళ్ళకు పనికిరావు కాబట్టి వదిలేస్తున్నాను. పనిలో నేను చూసినవి, చేసిన తప్పులు మాత్రం చెబుతాను. నలభై ఆరేళ్ళు దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. వాక్యాలు పొట్టిగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటిపనికని వెళ్ళాను. ఆరేళ్ళు ఒకే ఇంట్లో చేశాక ఆ ఇంటి యజమానురాలి అన్నగారు అబూ ఫహద్ తన డైవింగ్ షాపుకు నన్ను మార్పించుకున్నాడు. వారానికి రెండు రోజులు ఆడవాళ్ళకు కేటాయించాలనుకున్నాడు, దానికి ఆడమనిషి కావాలి. నాకు డైవింగ్ అంటే ఏమిటో తెలియదు. ఆ మాటే చెప్పాను. “బట్టలు ఉతకడం తెలుసుగా, చాలు” అన్నాడు.

చాలదు. ఆ సంగతి మొదటి వారంలోనే తెలిసింది.

చలి నీళ్ళు, తలగుడ్డ

సౌదీ అంటే ఎండ అనుకుంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ సముద్రంలో చెయ్యి పెడితే ఎముక దాకా జివ్వుమంటుంది. ఆ చలికి మందపాటి రబ్బరు సూటు వేసుకోవాలి. ఆ సూటు తొడగడానికే పావుగంట పడుతుంది. లోపల షాంపూ కలిపిన నీళ్ళు పోసి జారేలా చేసి, మడమ నుంచి పైకి కొంచెం కొంచెంగా లాగాలి. గోళ్ళతో లాగితే చిరుగుతుంది. వేళ్ళ మెత్తలతో లాగాలి. నా చేతులు మొద్దుబారింది అక్కడే.

మొదటి చలికాలంలో వచ్చిన ఆడవాళ్ళందరికీ ఒకటే బాధ. కళ్ళద్దంలోకి నీళ్ళు వస్తున్నాయి. అద్దాలు మార్చాం, పట్టీలు బిగించాం. అయినా వస్తున్నాయి. బిగించిన కొద్దీ ముఖాల మీద ఎర్రటి గీతలు పడ్డాయే తప్ప నీళ్ళు ఆగలేదు. నాలుగు వారాలకు నాకు వెలిగింది. వాళ్ళు తలగుడ్డ తియ్యకుండా దాని మీదే రబ్బరు టోపీ వేసుకుంటున్నారు. నుదుటి మీద గుడ్డ మడత అద్దం అంచు కిందికి దూరుతోంది. నీళ్ళు ఆ మడతలోంచే లోపలికి పాకుతున్నాయి. నేర్పే పుస్తకాల్లో ఇది ఉండదు, ఆ పుస్తకాలు రాసినవాళ్ళు తలగుడ్డతో దిగలేదు.

ఈతబట్టల గుడ్డ తెప్పించి, జుట్టంతా కప్పి సరిగ్గా జుట్టు మొదలయ్యే చోట ఆగిపోయే టోపీలు కుట్టాను. అంచుకు మడత లేకుండా కుట్టాను. ఆ తర్వాత ఎవరి అద్దంలోకీ నీళ్ళు రాలేదు. నేర్చుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, సామాను బాగానే ఉండి బాధ పోవడం లేదంటే మనిషిని చూడాలి.

ఎల్సా

నాకు పని నేర్పింది ఎల్సా. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన డైవింగ్ టీచరు. యాభై దాటిన మనిషి, పొగిడేది కాదు, తిట్టేది కాదు. ఆమె నేర్చుకున్నది వాళ్ళ దేశపు చలి సముద్రంలో. అక్కడ కెల్ప్ అనే నాచు మా ఊరి కొబ్బరిచెట్లంత ఎత్తున, నేల నుంచి నీటి పైదాకా పెరుగుతుందట. నిజంగా అడవేనట, చీకటిగా ఉంటుందట, సీల్ అనే సముద్రజంతువులు చెట్ల మధ్యన దూరి ఆడుకుంటాయట. మా తీరంలో చలికాలం రాగానే గోధుమరంగు నాచు మనిషి ఎత్తున లేచేది. ఆకుల మధ్య చిన్న చిన్న గాలిబుడగలు, వాటితో నిటారుగా నిలబడేది. దాన్ని చూసి ఎల్సా, “ఇది అడవి కాదు రత్నా, అడవి పెట్టిన పిల్ల” అనేది.

పిల్ల అడవైనా పట్టుకుంటే వదలదు. అందుకని నీళ్ళలోకి పంపే ముందు ప్రతి మనిషి ఒంటి మీదా వేలాడేది ఏదీ ఉండకూడదు. కాలిరెక్కల పట్టీల చివరలు బయటికి తోకల్లా ఉంటాయి. వాటిని మడిచి టేపు చుట్టాలి. కత్తిని కాలికి బయటివైపు కట్టుకుంటే నాచు దానికే చుట్టుకుంటుంది, లోపలివైపు కట్టాలి. చిక్కుకున్న మనిషి గిరగిరా తిరిగితే దారం ఉండకు చుట్టుకున్నట్టు చుట్టుకుంటుంది. కదలకుండా ఆగి, కాడను లాగకుండా మధ్యకు వంచితే టక్కున విరుగుతుంది. లాగితే సాగుతుంది, వంచితే విరుగుతుంది. ఇది ఎల్సా నాకు షాపు వెనక బకెట్లో నాచు పెట్టి నేర్పింది.

ఆమె పెట్టిన నియమం ఒకటే. చేత్తో తాకకుండా తమామ్, అంటే అంతా సరిగ్గా ఉందని, అనకూడదు. కంటితో చూసి బాగుంది అనుకుంటే కుదరదు. గొట్టం, బిరడా, పట్టీ, బెల్టు, అన్నీ వేలితో తాకి అప్పుడు తమామ్ అనాలి. ఒకసారి నేను దూరం నుంచే తమామ్ అన్నాను. ఎల్సా పడవ ఆపించింది. నలుగురు ఆడవాళ్ళ సామానంతా విప్పించి, మళ్ళీ మొదటి నుంచి నాచేత తొడిగించింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఇప్పుడు లేదు.

గంగారాం గాలి

సిలిండర్లలో గాలి నింపేది గంగారాం. జగిత్యాల దగ్గరి మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. పడవలో మగవాళ్ళవైపూ ఆడవాళ్ళవైపూ మధ్య తెర కట్టేవాళ్ళం. గంగారాం తెర అవతలి నుంచే అరిచేవాడు.

“అక్కా, ఇంకెన్ని గావాలె?”

“మూడు. నువ్వేంటి, నిద్రపోతున్నావా?”

“నిద్ర యాడిది. మీ ఆడోళ్ళు తయారయ్యేసరికి నాకు గడ్డం పెరిగింది.”

నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా అతనే. సిలిండర్ల మీద అంటించే టేపు ముక్కల మీద సుద్దతో రాసి చూపించేవాడు. నేను మొదట చదివిన మాటలు ‘నిండు’, ‘ఖాళీ’.

ఒక రోజు దిగిన ముగ్గురూ తలనొప్పి అంటూ పైకి వచ్చారు. ఒకామె వాంతి చేసుకుంది. నాచు వాసన పడలేదేమో అన్నాడు షాపులో మేనేజరు. గంగారాం మాత్రం మిగిలిన సిలిండర్లు ఒక్కొక్కటీ తిప్పి గాలిని వాసన చూశాడు.

“గాలికి వాసన ఉండొద్దక్కా. దీన్ల పొగ ఉన్నది.”

కంప్రెసరు గాలి పీల్చుకునే గొట్టం ఎప్పటిలాగే ఉంది. పొద్దున గాలి దిక్కు మారి జనరేటరు పొగ అటు వెళ్ళింది. అంతే. ఆ రోజు నుంచి అతను గొట్టం పక్కన కర్రకు ఒక గుడ్డపీలిక కట్టి, అది ఎటు ఎగురుతోందో చూసి కానీ యంత్రం వేసేవాడు కాదు. తప్పు తనదేనని అందరి ముందూ చెప్పాడు. చెబితే ఉద్యోగం పోతుందని మేనేజరు చెవిలో అన్నా చెప్పాడు. ఉద్యోగం పోలేదు. పోయేదేమో కూడా. పోదని ముందే తెలిసి చెప్పలేదు కదా.

నితాఖత్

తర్వాత నితాఖత్ వచ్చింది. ఎంతమంది సౌదీలకు పని ఇచ్చారన్న దాన్నిబట్టి ప్రతి షాపుకూ ఒక రంగు. మాది ఎరుపులో పడింది. ఎరుపులో ఉంటే పరాయి దేశంవాళ్ళ అకామాలు కొత్తవి చేయరు. దాని వెనకే లెవీ వచ్చింది. ఒక్కో పరాయి మనిషికి నెలనెలా యజమాని కట్టాల్సిన రుసుము. ఆ రెండేళ్ళలో మా వీధిలో ముఖాలు మారిపోయాయి. మాకు టీ ఇచ్చే మలయాళీ వెళ్ళిపోయాడు. పక్క దర్జీ దుకాణం మూతబడింది.

అబూ ఫహద్ తన బంధువుల అమ్మాయి నూరా పేరు షాపు లెక్కలో రాయించాడు. ఇంట్లో కూర్చుంటే చాలు, జీతం పంపిస్తామన్నారు. చాలాచోట్ల అలాగే చేసేవారు. నూరా మూడో రోజు షాపుకు వచ్చేసింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల.

“ఇంట్లో కూర్చుంటే నడుం నొప్పి పుడుతోంది. పని చెప్పు” అంది. మేం మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

అబూ ఫహద్ నన్ను పిలిచి సూటిగా చెప్పాడు. “రత్నా, ఒకే పనికి ఇద్దరిని నేను భరించలేను. ఈ బింత్‌కు నేర్పు. నేర్చుకుందని నువ్వు చెప్పిన రోజు నీకు ఖురూజ్ వేయిస్తాను. అందాకా నీ లెవీ నేను కడతాను. పని రాని మనిషిని నీళ్ళ దగ్గర పెట్టను.”

బింత్ అంటే ఆడపిల్ల. ఖురూజ్ అంటే ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోవడం. నా ఉద్యోగం నా నోట్లో పెట్టాడు. ‘నేర్చుకుంది’ అంటే పోతుంది. అననంత కాలం ఉంటుంది.

అప్పటికి నాకు యాభై. ఊళ్ళో నాకు తెలిసిన పని లేదు. కూలికి వంగే వయసు కాదు. అంతకంటే, ఇంకోటి కూడా రాయాలి. ఆ పని నాకు ఇష్టం. పడవ అంచున నిలబడి, నేను తమామ్ అన్నాకే ఒక డాక్టరు, ఒక బడి పంతులమ్మ నీళ్ళలోకి దూకేవాళ్ళు. నా మాటకు అంత విలువ అంతకు ముందు ఎక్కడా లేదు.

ప్రతి నెలా అడిగేవాడు. “హా రత్నా, నేర్చుకుందా?”

“ఇంకా లేదు బాబా.”

నేను దాచుకున్నది

నూరాకు అన్నీ నేర్పాను. సూటు, టోపీ, టేపు, గొట్టాలు. చేతిలో నేర్పు ఉంది. ఒక్కసారి చెబితే పట్టుకునేది. ఆరు నెలలకే నాకు అబద్ధం ఆడుతున్నట్టు అనిపించసాగింది. అబద్ధం కాకుండా ఉండాలంటే ఆమెకు ఏదో ఒకటి రాకుండా ఉండాలి. అందుకని బరువు సంగతి సగమే చెప్పాను.

రబ్బరు సూటు నిండా సన్నటి గాలి గదులుంటాయి. అది మనిషిని తేలుస్తుంది. మందం పెరిగితే ఇంకా తేలుస్తుంది. ఆ నీళ్ళలో ఉప్పు ఎక్కువ, అదీ తేలుస్తుంది. మునగాలంటే నడుముకు సీసం ముక్కల బెల్టు కట్టాలి. ఎంత కట్టాలన్నదే అసలు విద్య. మనిషిని నీటిలో నిలబెట్టి, తేలడానికి తొడిగే గాలి జాకెట్టులో గాలి తీసేసి చూస్తే కళ్ళదాకా మునిగి ఆగాలి. ఇంతవరకూ నూరాకు చెప్పాను. చెప్పనిది ఒకటి. సిలిండరు నిండుగా ఉన్నప్పుడు బరువు. లోపలి గాలి వాడుకున్న కొద్దీ తేలికవుతుంది. మొదట్లో సరిపోయిన సీసం చివర్లో సరిపోదు. ఆ తేడాకు ముందే రెండు కిలోలు ఎక్కువ కట్టాలి. ఇది నేను మాట్లాడకుండా బెల్టు కట్టేటప్పుడు చేత్తో చేసేసేదాన్ని. అడిగితే “అలవాటు మీద వస్తుంది” అనేదాన్ని.

గంగారాం కనిపెట్టాడు.

“ఏందక్కా, గా పిల్ల ఎప్పటికి పాసయితది? నువ్వు నేర్పేటి పంతులమ్మవా, ఫెయిల్ జేసేటి ఆఫీసర్‌వా?”

“నీకెందుకు? నీ గాలి నువ్వు చూసుకో.”

“నా గాలి మంచిగనే ఉన్నది. అకామా పోతదని భయమా? భయపడు, తప్పులేదు. గని చెప్పేది చెప్పు. నీళ్ళకు దిగేటోళ్ళు మన అకామా జూస్తరా?”



ఆ జనవరిలో ఒకరోజు రెండు జట్లు వచ్చాయి. కొత్తవాళ్ళతో నేను ఒడ్డున ఉండిపోయాను. నలుగురు అలవాటున్నవాళ్ళతో ఎల్సా, నూరా పడవలో వెళ్ళారు. అందులో ఒక బడి పంతులమ్మ ఆ ఏడు మొదటిసారి మందపాటి సూటు వేసుకుంది. నూరా నేను నేర్పినట్టే నీటిలో నిలబెట్టి చూసింది. నిండు సిలిండరుతో కళ్ళదాకా మునిగింది. తాకి, తమామ్ అంది.

అరగంట బాగానే గడిచింది. పైకి వచ్చేముందు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. సిలిండరు దాదాపు ఖాళీ. ఆమె ఆగలేకపోయింది. తేలిపోతున్నానని తెలిసి చేతికందిన నాచును గుప్పిటతో పట్టుకుంది. మనిషి తేలే లాగుడికి కాడ వంగింది, వంగి విరిగింది. గాలి బిగబట్టుకుని బాణంలా పైకి వచ్చేసింది. పైకి వచ్చేకొద్దీ ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరగొచ్చు, అందుకే బిగబట్టకూడదని అందరికీ నేర్పుతారు, భయంలో ఎవరికీ గుర్తుండదు.

పడవ ఒడ్డుకు వచ్చేసరికి ఆమె ముక్కు నుంచి రక్తం, ఛాతీలో నొప్పి. గంగారాం ఆక్సిజన్ పట్టుకుని కూర్చున్నాడు, ఆ రోజు తెర ఎవరూ కట్టలేదు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. ఊపిరితిత్తులు దెబ్బతినలేదన్నారు. ఆమె మళ్ళీ నీళ్ళలోకి రాలేదు.

అబూ ఫహద్ గదిలో

సాయంత్రం అందరినీ పిలిచాడు. బెల్టు కట్టిందెవరని అడిగాడు.

“నేనే” అంది నూరా. కళ్ళు దించలేదు.

“నేను బెల్టును చూశాను, ఎంత కట్టావని అడగలేదు” అంది ఎల్సా. అది నిజం. టీచర్లు సహాయకురాలు చూసిందనుకుంటారు, సహాయకురాలు టీచరు చూస్తుందనుకుంటుంది. ఆ సందులోంచే మనుషులు జారిపోతారు.

ఊరుకుంటే నాకు లాభమే. పిల్లకు పని రాదని రుజువైనట్టే. ఇంకో రెండేళ్ళు దొరికేవి. గదిలో అందరూ నూరా వైపే చూస్తున్నారు కూడా.

“చివర్లో తేలికవుతుందని నేను దానికి చెప్పలేదు బాబా” అన్నాను.

“మరిచిపోయావా?”

“లేదు. దాచాను.”

“ఎందుకు?”

“అకామా.”

ఆయన అరవలేదు. “ఇది బయటికి పొక్కితే షాపు ఉండదు. సరే. ఇక నేను నిన్ను అడగను. అన్నీ నేర్పు. నేర్చుకున్న రోజు నువ్వే వచ్చి చెప్పు” అన్నాడు.

బయట నూరా నన్ను ఆపింది. “యా రత్నా, ఆవిడ చచ్చిపోయి ఉంటే? జీవితమంతా నేనే చంపాననుకునేదాన్ని.”

“అవును” అన్నాను.

“పని చేస్తానంటే మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు. అది నీకు తెలుసా?”

తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు.

నూరా ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పొద్దున నోటుపుస్తకం పట్టుకొచ్చి నా ఎదుట బకెట్ బోర్లించి కూర్చుంది. “మొదటి నుంచి చెప్పు. నాకు తెలిసినవి కూడా చెప్పు. ఏది సగమో నాకేం తెలుసు.”

చెప్పాను. ఆ చలికాలం, తర్వాతి వేసవి అంతా. ఖాళీ సిలిండరుతో ఆమెనే నీళ్ళలో నిలబెట్టి తేలడం ఎలా ఉంటుందో చూపించాను. లావుగా ఉన్నవాళ్ళు, ఎముక గట్టివాళ్ళు, భయంతో ఛాతీ నిండా గాలి పీల్చి నిలబడేవాళ్ళు, ఎవరికి ఎంత అన్నది చెప్పాను. అబూ ఫహద్ అన్న మాట ప్రకారం అడగడం మానేశాడు. అడగకపోవడమే కష్టంగా ఉండేది. అడిగినప్పుడు అబద్ధం చెబితే ఆయనకు చెప్పినట్టు. అడగనప్పుడు ఊరుకుంటే నాకు నేను చెప్పుకున్నట్టు. అలా మళ్ళీ డిసెంబరు వచ్చింది. నాచు లేవడం మొదలైంది.

ఆ నెలలో ఒక నర్సు వచ్చింది, పొడుగు మనిషి. నేను ఆమెను చూసి, నీలం చారల సూటు ఇచ్చి, “ఎనిమిది కిలోలు” అన్నాను. ఆ సూటు పెట్టె విప్పింది నేనే. అందులో ఎవరికి ఎంత పడుతుందో నా చేతికి తెలుసు.

నూరా బెల్టు తీసుకుని కట్టలేదు. నర్సు భుజం దగ్గర సూటును రెండు వేళ్ళతో నొక్కింది. నడుం దగ్గర నొక్కింది. మోకాలి దగ్గర నొక్కింది.

“ఆరు” అంది.

“ఎనిమిది. ఆ సూటు నాకు తెలుసు.”

“నీకు తెలిసిన సూటు మూడు చలికాలాల కిందటిది. నొక్కి చూడు. నలిగిపోయింది, లోపల గాలి లేదు. ఇది ఇక అంత తేల్చదు. ఎనిమిది కడితే రాయిలా దిగిపోతుంది.”

నొక్కి చూశాను. నిజమే. రబ్బరు చప్పబడిపోయింది. వారానికి రెండుసార్లు నేనే ఉతికాను, నేనే ఆరేశాను. నాకు తెలియలేదు. ఈ సంగతి నేను ఆమెకు నేర్పలేదు. నాకు తెలిస్తేగా నేర్పడానికి.

ఆరుతోనే పంపాం. ఎల్సా పైకి వచ్చాక నర్సును చూపించి, మూడు నిమిషాలూ గోడకు తగిలించిన పటంలా నిలబడింది అని చెప్పింది. నూరా అప్పటికే తర్వాతి మనిషికి టేపు చుడుతోంది.

ఒడ్డుకు వచ్చి సామాను మంచినీళ్ళలో ముంచి, చేతులు తుడుచుకుని అబూ ఫహద్ గదికి వెళ్ళాను. ఆయన టీ తాగుతున్నాడు.

“నేర్చుకుంది బాబా” అన్నాను.

గ్లాసు కింద పెట్టాడు. “అకీద్?”

“అకీద్.” ఖాయంగా అని.

ఆయన తల ఊపి, ఫోను తీసి, పాస్‌పోర్టు పనులు చూసే మనిషికి నా పేరు చెప్పి ఖురూజ్ కాగితం పెట్టమన్నాడు. నేను బయటికి వచ్చాను. నీలం చారల సూటు కొత్తవాటి వరుసలో వేలాడుతోంది. దాన్ని తీసి పాతవాటి వరుసలో తగిలించాను.